పనికిరాని పండక్కి మా ఓడపిట్ట

1

పండగ కమిటీ పెద్దలకు, కొత్త చంద్రంపాలెం మూడో వీధి సూరీడమ్మ రాస్తున్న తయారీ దినచర్య ఇది. పనికిరాని పండక్కి వస్తువు చేసే ప్రతి ఇల్లూ ఎలా చేసిందో రాసి ఇవ్వాలని నియమం పెట్టింది మీరే. కాబట్టి పొడుగైందని తర్వాత సణిగితే ఒప్పుకోను.

ప్రతి తునకకీ లెక్క చెప్పాల్సిన ఈ ఊళ్ళో, ఏడాదికి ఒక్క రోజు దేనికీ పనికిరాని వస్తువుని నెత్తిన పెట్టుకుని ఊరేగుతాం చూడండి, ఆ రోజంటే నాకు పిచ్చి. పోయినేడు నేను అల్లిన మూడు చేతుల చొక్కా రెండో వీధివాళ్ళ గుండ్రటి దువ్వెన చేతిలో ఓడిపోయింది. ఆ బాధ ఇంకా ఉంది. ఈసారి మాత్రం వదలను.

ఈసారి విమానం చేస్తున్నాను. ఎగిరేది కాదు, ఎగిరి ఎగిరి పాడైపోయినది. పేరు ఓడపిట్ట. మా అత్త గున్నమ్మ పుట్టింది దాన్లోనే. భూమ్మీద, సముద్రపు ఒడ్డున, తుపాను ఈడ్చుకొచ్చి పడేసిన ఆ పాత విమానంలో నాలుగు కుటుంబాలు కాపురం పెట్టాయట. అందులో ఒకటి మా అత్తవాళ్ళది. ఆమె పెళ్ళయి ఇక్కడికి, చంద్రుడి మీదికి వచ్చాక ఆ ఒడ్డునే సముద్రం మింగేసింది. ఒక్క ఫొటో కూడా మిగల్లేదు.

ఇప్పుడు మా అత్త చూపు తగ్గిపోతోంది. పండగ దాటితే వెలుగూ చీకటీ తప్ప మరేమీ కనబడవని డాక్టరు చెప్పేశాడు. "ఏం కావాలత్తా?" అని అడిగితే ఒకటే మాట.

"మా ఇల్లొక్కసారి సూడాలే, సూరీడూ."

అంతే. ఆ ఇంటిని నేను చేసి ఆమెకి చూపిస్తాను. గెలిస్తే ఊరికున్న ఒకే ఒక్క కిటికీలో, భూమికి ఎదురుగా పెట్టిస్తాను. రెండూ చేస్తాను. చూస్తూ ఉండండి!

2

అత్త దగ్గర ఉన్న ఆధారం ఒకటే, వాళ్ళ నాన్న చుట్టల డబ్బా మూత. దాని మీద ఓడపిట్ట బొమ్మ అచ్చు గుద్ది ఉంది. బొద్దు కడుపు, వీపు మీద అడ్డంగా పొడుగాటి రెక్కలు, ఆరు పంకాలు, కింద లావు చక్రాలు. చూడగానే ప్రేమలో పడ్డాను. బాగా తిన్న బాతులా ఉంది.

చిక్కల్లా మా అత్త మాటలతోనే.

"రెక్కలు ఎంత ఎత్తులో ఉండేవత్తా?"

"మోకాలెత్తే. సాయంకాలం అందరం అరుగు మీద కూకున్నట్టు కూకునీవోరం."

"మూతలో చూస్తే వీపు మీద ఉన్నాయి కదా?"

"మూతలో ఉంటే ఉంటాయి. నాను కూకున్నాను. మూత కూకుందేటి?"

"పోనీ చక్రాలు?"

"సక్రాల మీద మా అమ్మ బట్టలారేసీది."

ఇసకలో కూరుకున్న చక్రాల మీద బట్టలెలా ఆరేస్తారు? భూమ్మీద ఇసక వేడిగా ఉంటుందట, దానికోసమేమో అనుకున్నాను. తర్వాత కుర్చీల సంగతి అడిగితే, "అవి పైన ఏలాడీవి, ఒకదానికి నాకు ఉయ్యాల కట్టినారు" అంది. దాంతో మా ఆయన దాలినాయుడు నన్ను పక్కకి పిలిచాడు.

"అమ్మకి పైకీ కిందకీ తేడా పోతంది. నువ్వు మూతనే నమ్ముకో."

నాకూ అదే అనిపించింది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అంటారే, మా అత్తది అదే వరస. అసలు కుందేలుకెన్ని కాళ్ళో చంద్రుడి మీద పుట్టిన మాకు ఎవరికీ తెలియదనుకోండి, అది వేరే సంగతి.

3

కట్టడం మొదలైంది! అంతా పారేసిన సరుకుతోనే.

ఒంటికి అన్నం డబ్బాల ప్లాస్టిక్ మూతలు. వేడినీళ్ళలో ముంచి, మెత్తబడ్డాక సీసా చుట్టూ వంచాను. కిటికీలకి మాత్రల అట్టల మీది బుడగలు. పంకాలకి అరిగిన పళ్ళపొడి చెంచాలు. తీగలకి నా చీర కుచ్చుల దారాలు. లోపల కుర్చీలు కూడా పెట్టాను, మడిచిన రేకు ముక్కలతో, వరసగా, మర్యాదగా నేల మీద నిలబెట్టి. మొత్తం జానెడున్నర పొడుగు. రెక్కలు మూతలో ఉన్నట్టే వీపు మీద, కావాలంటే ఊడొచ్చేలా అమర్చాను.

ఇక రంగు. ఇక్కడొక కిటుకు చెబుతాను, రెండో వీధివాళ్ళకి మాత్రం చెప్పకండి. ముందు బూడిద రంగు వేసి, దాని మీద తడి చేసి ఉప్పు కళ్ళు చల్లాలి. ఆరాక పైన తెల్ల రంగు వేయాలి. అదీ ఆరాక గోటితో ఉప్పు గీరేస్తే, ఉప్పున్న చోటల్లా తెల్లరంగు పెచ్చులూడి అడుగున బూడిద రంగు బయటపడుతుంది. ఏళ్ళ తరబడి ఉప్పుగాలికి పడి ఉన్న విమానం కళ్ళముందుకి వచ్చేసింది! వంటింట్లో ఒక్కదాన్నే ఎగిరి గంతేశాను. ఇక్కడ గంతేస్తే నెత్తి పైకప్పుకి తగులుతుందని తెలుసు కదా. తగిలింది. అయినా నవ్వుతూనే దిగాను.

4

ఇవాళ తుప్పు పట్టించాను.

తుప్పు ఎలా ఉంటుందో ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు. తడి అంతా ఎప్పటికప్పుడు పీల్చేసే చోట ఇనుముకి తుప్పు ఎక్కడిది? అందుకని నాలుగు ఇనుప మేకుల్ని ఊరగాయ జాడీ అడుగు ఊటలో నానబెట్టాను. మూత తీసేసరికి అడుగున ఎర్రటి బురద. ఆహా! ఎంత అందమైన రంగు! దానికి కొంచెం పసుపూ కొంచెం టీ పిప్పీ కలిపి కుంచెతో ఎత్తాను.

ఇక మరకలు ఎటు కారాలి? ఆ విషయం నన్ను అడగండి. ఇరవై ఏళ్ళుగా ఊళ్ళో గాలినీ తడినీ పైకి పీల్చే పైకప్పు జల్లెళ్ళకి మరమ్మతు చేస్తున్నదాన్ని. గ్లాసులో నీళ్ళు కిందనే ఉంటాయి, కాదనను. కానీ గోడ మీద పడ్డ తడి జల్లెడ పీల్పుకి పైకి పాకుతుంది. స్నానాలగదిలో చూడండి, ప్రతి మరకకీ తల కింద, తోక పైన. వాన పైనుంచి పడుతుందని బడిలో చదువుకున్నాం. పడ్డాక గోడ మీద ఎటు పోతుందో పుస్తకంలో రాయలేదు. మా స్నానాలగదే నాకు పుస్తకం. ఓడపిట్ట ఒంటి మీద పెట్టిన ప్రతి మేకు చుక్క నుంచీ తుప్పు గీతని పైకి లాగాను, సన్నగా, చివర మసకగా.

దుమ్ము కూడా అంతే. మన దుమ్మంతా పైకప్పుకే కదా అంటుకుంటుంది? విమానం వీపు మీద, రెక్కల మీద దట్టంగా అద్దాను. ఎండకి వెలిసిన రంగు కడుపు భాగానికి వేశాను. వెలుగొచ్చేది నేల దీపాల నుంచే కాబట్టి.

దాలినాయుడు కూరగాయల గదుల్లో పని ముగించుకుని వచ్చి చూశాడు.

"ఒలమ్మో! ఇది నిజంగా కుళ్ళిపోయినాదే!" అన్నాడు.

పెళ్ళయ్యాక ఆయన నన్ను ఇంతగా మెచ్చుకోవడం ఇదే మొదలు.

5

ఘోరం జరిగిపోయింది.

అన్నం తిని వచ్చేసరికి ఓడపిట్ట తళతళ మెరుస్తోంది. తుప్పు లేదు, దుమ్ము లేదు. పక్కన చీపురయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇంటింటికీ ఊరు ఇచ్చిన శుభ్రం యంత్రమే లెండి, మాదానికి మేం పెట్టుకున్న పేరు చీపురయ్య.

"మురికి కనబడింది. తొలగించాను. క్షమించండి" అన్నాడు వినయంగా.

వాడి వినయం తగలెయ్య! మళ్ళీ తుప్పు పట్టించాను. మళ్ళీ తుడిచాడు. బీరువాలో దాచాను. తలుపు తీసి మరీ తుడిచాడు. వాణ్ణి స్నానాలగదిలో పెట్టి గడియ వేస్తే, పక్కింటి యంత్రాన్ని కేకేశాడు. ఆ యంత్రం వచ్చి ఓడపిట్టని తుడిచి, పనిలో పనిగా నా ఊరగాయ ఊట కూడా పారబోసింది.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దోళ్ళు" అని దాలినాయుడు నవ్వాడు.

"నువ్వు నోరు ముయ్ మావా! అడుసే కావాలి నాకు!"

అత్త మంచం మీంచి అడిగింది, "ఏటైనాదే?" అని. ఏమీ కాలేదన్నాను. ఆమె నా మొహం వైపు కాకుండా గొంతు వైపు తిరిగి నవ్వింది. మొన్నటిదాకా మొహం చూసే నవ్వేది.

6

ఉపాయం దొరికింది! యంత్రాలు మనుషుల ఒంటి మీద చెయ్యి వెయ్యవు. కట్టుకున్న బట్ట జోలికి కూడా రావు. ఇంకేం కావాలి?

మళ్ళీ ఊట కలిపి, ముందు ఒక పక్కకి తుప్పు పట్టించి, ఓడపిట్టని చిన్న కూరగాయల బుట్టలో పెట్టి, బుట్టని కడుపుకి కట్టుకుని పైన చీర చుట్టాను. రెక్కలు ఊడదీసి వెనక నడుముకి కట్టాను. చీపురయ్య నా చుట్టూ ముమ్మారు తిరిగాడు.

"మురికి వాసన ఉంది. మురికి కనబడటం లేదు" అన్నాడు దిగులుగా.

వాణ్ణి చూసి జాలేసింది, ఒట్టు. అయినా వెక్కిరించాను.

అలాగే పనిలోకి వెళ్ళాను. జల్లెళ్ళ కాడ నిచ్చెనెక్కబోతుంటే తోటి ఆడవాళ్ళంతా ఒక్కసారిగా నా చెయ్యి పట్టుకుని ఆపేశారు.

"ఎన్నో నెలే?"

నలభై ఏడేళ్ళదాన్ని! విమానమని చెబితే పండగ గుట్టు బయటపడుతుంది. ఏం చెప్పాలో తోచక సిగ్గుపడ్డాను. అదే నా కొంప ముంచింది.

7

ఊరు ఊరంతా దాలినాయుడికి శుభాకాంక్షలు. ఎవడో వీపు మీద చరిచి, "గట్టోడివేరా!" అన్నాడట. ఆయన ఇంటికి వచ్చి చాలాసేపు అద్దం ముందు నిలబడ్డాడు. కాదని ఎవరికీ చెప్పలేదట, మహానుభావుడు.

ఇవాళ ఆరోగ్య కేంద్రం నుంచి నర్సు కనకవల్లి పాలపొడి డబ్బాలు మోసుకుంటూ దిగింది.

"పడుకో సూరీడమ్మా, కడుపు చూస్తాను" అంది.

"పడుకోను."

"సిగ్గెందుకు?" అని కడుపు మీద చెయ్యి వేసి నొక్కింది. మొహం పాలిపోయింది. "ఇదేంటి, చక్రం తగులుతోంది?"

నవ్వు ఆపుకోలేక బుట్ట విప్పేశాను. ఆవిడ చూసింది. కిటికీలు, కుర్చీలు, తుప్పు గీతలు అన్నీ వంగి వంగి చూసింది. "బాబో, ఎంత మురికి! ఎంత బాగుంది!" అని మంచం మీద కూలబడి కళ్ళనీళ్ళు కారేలా నవ్వింది. పండగ దాకా ఎవరికీ చెప్పనని నా చెయ్యి మీద చెయ్యి వేసి మాటిచ్చింది. పాలపొడి మాత్రం వెనక్కి పట్టుకుపోయింది.

వెళ్తూ వెళ్తూ అత్త కళ్ళు చూసి, గుమ్మం దగ్గర నాతో గొంతు తగ్గించి అంది.

"చూపు ఇంకెక్కువ రోజులు ఉండదు. పండగ దాకా ఉంటే గొప్పే."

నవ్వు అక్కడే ఆగిపోయింది. ఇప్పుడే చూపించేద్దునా అనుకున్నాను. ఇంకా ఒక పక్క తుప్పు మిగిలే ఉంది. సగం ఇల్లు ఎలా చూపిస్తాను? ఆమె చూడబోయేది ఒక్కసారే కదా. భయం వేసింది. అప్పటికప్పుడు కూర్చుని ఆ రెండో పక్క పూర్తి చేశాను.

8

పండగ అయిపోయింది. ఇది ఇంటికి వచ్చాక రాస్తున్నాను.

బల్ల మీద ఓడపిట్టని పెట్టగానే జనం "ఓ!" అన్నారు. మీ కమిటీ పెద్ద పోలినాయుడు గారు కళ్ళజోడు సవరించుకుని, "ఏం మురికమ్మా! చేతులెత్తి దండం పెట్టాలి" అన్నారు. నేను తేలిపోయాను. కిటికీ నాదే అనుకున్నాను. దాలినాయుడు వాళ్ళమ్మని నడిపించుకుని వచ్చి బల్ల ముందు కూర్చోబెట్టాడు. చేతికి భూతద్దం ఇచ్చాను.

అత్త వంగింది. ఒక కన్ను మూసింది. భూతద్దాన్ని తోక నుంచి ముక్కు దాకా జరిపింది.

"ఇదేటే?"

"ఓడపిట్ట అత్తా. మీ ఇల్లు."

"మా ఇంటికేటైనాది?" భూతద్దం తుప్పు గీతల మీద ఆగింది. "ఒలే, వాన కిందనుంచి పైకి కురిసినాదేటే?"

"తడి గోడ మీద పైకే కదత్తా పోయేది..."

"భూమ్మీద ఏ గోడ మీదైనా నీళ్ళు కిందకే కారతాయే, గుంటా! సూరీడు కూడా కింద నుంచే కాసినాడా? కడుపంతా ఎలిసిపోనాది?"

జనంలో చంద్రుడి మీద పుట్టినవాళ్ళమంతా మొహమొహాలు చూసుకున్నాం. కిందకా? గోడ మీద కూడానా? నా ఇరవై ఏళ్ళ జల్లెళ్ళ పాండిత్యం అక్కడికక్కడ కుప్పకూలిపోయింది. నేను ఏడ్చేశాను, దాచడం దేనికి? మిగిలున్న కాస్త చూపుతో ఆమె చూడాల్సిన ఇంటిని తప్పు చేసి పెట్టాను.

"ఏడుపెందుకే?" అంది అత్త. చెయ్యి చాపి విమానాన్ని తడిమింది. రెక్క దగ్గర వేళ్ళు ఆగాయి. తర్వాత చక్రాల దగ్గర. కళ్ళు చిట్లించింది. రెండు చేతులతో జాగ్రత్తగా ఎత్తి, తిప్పి, వెల్లకిలా బల్ల మీద పెట్టింది. చక్రాలు పైకి, వీపు కిందకి.

"ఇదిగో. ఇదీ మా ఇల్లు."

నేను పైకి లాగిన తుప్పు గీతలన్నీ ఇప్పుడు కిందకి కారుతున్నాయి. వెలిసిపోయిన కడుపు ఆకాశం వైపు తిరిగింది. వీపుకి అద్దిన దుమ్ము ఇసకలా నేలకి ఆనుకుంది. రెక్కలు మోకాలెత్తున అరుగుల్లా పరుచుకున్నాయి. లోపల రేకు కుర్చీలు తలకిందులుగా వేలాడుతున్నాయి. తుపాను ఆ విమానాన్ని ఒడ్డుకి తెచ్చింది వెల్లకిలా తిప్పి! మా అత్త చెప్పిన ప్రతి మాటా నిజమే.

"అత్తా! వెల్లకిలా పడి ఉందని ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"ఎల్లకిలా ఏటే? నాను పుట్టినకాడ్నుంచీ అదలగే ఉంది. మీరే తిరగేసి అడిగినారు."

దాలినాయుడు నవ్వడం మొదలుపెట్టాడు. పోలినాయుడు గారు నవ్వారు. ఊరంతా నవ్వింది. నేను ఏడుస్తూనే నవ్వాను, ముక్కులోంచి చప్పుడు కూడా వచ్చింది. అత్త మాత్రం ఇవేవీ వినడం లేదు. భూతద్దం పెట్టుకుని ఇల్లంతా తిరుగుతోంది.

"ఇక్కడే మా అమ్మ అడ్డపొగ తాగీది, సుట్ట నిప్పు నోట్లో ఎట్టుకుని. ఈ కిటికీలోంచి ఎండ్రకాయలు లోపలికొచ్చీసీవి. ఇదిగో నా ఉయ్యాల కట్టిన కుర్సీ. ఇదే! సూరీడూ, ఇదే!"

అప్పుడు పోలినాయుడు గారు గొంతు సవరించుకుని పండగ ప్రశ్న అడిగారు.

"దీంతో ఏం పని?"

ఇంటివాళ్ళంతా "ఏ పనీ లేదు!" అని అరవాలి. మూడుసార్లు అడిగేలోపు ఆ మాట రావాలి. అప్పుడే కిటికీ.

దాలినాయుడు నోరు తెరిచాడు. అత్త ముందే అందుకుంది.

"పనేటి? ఇల్లురా ఇది! ఉండడానికి!"

"పెద్దావిడ మాట లెక్కలోకి తీసుకోం. సూరీడమ్మా, దీంతో ఏం పని?"

ఒక్క మాట అంటే చాలు. మూడు చేతుల చొక్కా పరువు తిరిగొస్తుంది. ఓడపిట్ట భూమిని చూస్తూ ఏడాదంతా కిటికీలో కూర్చుంటుంది. అత్త వైపు చూశాను. ఆమె చూపుడు వేలు ఆ ఉయ్యాల కుర్చీ కిటికీ మీద ఉంది, అక్కడినుంచి కదలడం లేదు. దీన్ని తీసుకెళ్ళి అద్దం వెనక పెడితే ఆ వేలు ఎక్కడికి పోవాలి?

"మూడోసారి అడుగుతున్నాను. దీంతో ఏం పని?"

"ఉందండీ" అన్నాను. "మా అత్త ఇల్లు."

జనం "అయ్యయ్యో" అన్నారు. ఈ ఏటి కిటికీ మళ్ళీ రెండో వీధివాళ్ళకే. అడుగు లేని గ్లాసట. బాగానే ఉందిలెండి, ఏడవను.

9

పనికొచ్చే వస్తువు ఏ పనికొస్తే ఆ శాఖకి రాయించాలన్నది కూడా మీ నియమమే. కాబట్టి ఓడపిట్ట ఇళ్ళ శాఖ కిందకి వెళ్ళింది. నిన్న ఒకాయన వచ్చి, నవ్వాపుకుంటూ, దాని తలుపుకి బియ్యపుగింజంత నంబరు అతికించి పోయాడు. వేరే ఇల్లయింది కాబట్టి చీపురయ్య ఇక దాని జోలికి రావడం లేదు. కనకవల్లి గృహప్రవేశానికని పాలపొడి డబ్బా ఒకటి పట్టుకొచ్చింది. పాలు పొంగించాం.

అత్తకి ఇప్పుడు వెలుగూ చీకటే. ఓడపిట్టని వెల్లకిలా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. వేళ్ళతో గది గదీ తిరుగుతుంది. వీధిలో పిల్లలొస్తే ఏ కిటికీలోంచి ఏ ఎండ్రకాయ వచ్చిందో చెబుతుంది. రోజుకో ఎండ్రకాయ పెరుగుతోంది, నేనేమీ అనను.

ఇందాక తలుపు చప్పుడైంది. చూస్తే కొత్త శుభ్రం యంత్రం. కొత్త ఇంటికి ఊరు పంపిందట, ప్రతి ఇంటికీ ఒకటి చొప్పున. అది తిన్నగా అత్త దగ్గరికి వెళ్ళి వినయంగా నిలబడింది.

"ఈ ఇంట్లో మురికి ఉన్నట్టు తెలిసింది. ఎప్పుడు తొలగించమంటారు?"

అత్త చేతులు ఓడపిట్ట మీద కప్పింది. తొణకలేదు.

"బయట వాన పడతంది, నాయనా. ఎలిసినాక రా."

అది సరేనని వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడింది. వాన ఎప్పుడు వెలుస్తుందని చీపురయ్యని అడిగింది. చీపురయ్యకీ తెలియదు. ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఎదురు చూస్తున్నారు. నేను వాళ్ళకేమీ చెప్పలేదు.